గోడకు గృహస్థు ఎవరు? మధుబని స్టేషను కుడ్యచిత్రాలపై ఒక పరిశీలన

సామూహిక కుడ్యచిత్ర రచనను గురించి వెలువడే ప్రశంసలలో సాధారణంగా రెండు లెక్కలు కనిపిస్తాయి. ఎందరు స్వచ్ఛందంగా పాల్గొన్నారన్నది ఒకటి. ఎన్ని చదరపు అడుగుల గోడ చిత్రాలతో నిండినదన్నది రెండవది. ఈ లెక్కలు ఉత్సాహాన్ని తెలుపుతాయి. చిత్రాల గుణాన్ని గాని, వాటిని వేసిన సమాజానికి కలిగిన ఫలితాన్ని గాని అవి తెలుపవు. బీహారులోని మధుబని రైల్వే స్టేషనులో 2017 అక్టోబరు 2న ప్రారంభమైన చిత్రరచన ఈ విషయాన్ని నిదానంగా ఆలోచించడానికి తగిన ఉదాహరణ. వందమందికి మించిన స్థానిక చిత్రకారులు, వారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు, కూలి తీసుకొనకుండా శ్రమదానంగా ఏడువేల చదరపు అడుగులకు మించిన గోడలను కొద్దిరోజులలో చిత్రించారు. 2018లో రైల్వే మంత్రిత్వ శాఖ ప్రకటించిన స్టేషన్ల సుందరీకరణ బహుమతులలో మధుబనికి మదురైతో పాటు ద్వితీయ స్థానం లభించింది. తృతీయ స్థానం పొందిన స్టేషన్లలో సికింద్రాబాదు కూడ ఒకటి.

మిథిలలో సామూహిక చిత్రరచన ఈ స్టేషనుతో పుట్టినది కాదు. తెలుగు ముంగిట సంక్రాంతి ముగ్గు ఎటువంటిదో, మైథిలీ వాకిట 'అరిపన్' అటువంటిది. బియ్యపు పిండిని నీటిలో కలిపి, వేళ్లతో నేలపై తీర్చే రేఖ అది. పెండ్లి వేళ నూతన దంపతుల గదిలో వ్రాసే 'కొహబర్' ఇంతకంటె విస్తృతమైనది. మట్టితో, పేడతో అలికిన గోడపై తామరాకులు, వాటి నడుమ నుండి పైకి లేచే కాడ, వెదురు పొద, చేపలు, తాబేళ్లు, చిలుకలు, సూర్యచంద్రులు, గది మూలలలో 'నైనా జోగిన్' అనే స్త్రీమూర్తి ఇందులో చోటు చేసుకొంటాయి. అనుభవజ్ఞురాలైన ఒక పెద్దావిడ రూపురేఖలు దిద్దుతుంది. ఇంటి ఆడపడుచులు, ఇరుగుపొరుగు స్త్రీలు రంగులు నింపుతారు. చిన్నపిల్లలు పక్కన కూర్చుండి చూస్తూ నేర్చుకొంటారు. ఒకరు గీయడం, పలువురు నింపడం అనే పనివిభజన నేటి సామూహిక కుడ్యచిత్రాలకు ప్రాణమైతే, మిథిల స్త్రీలకు అది అనాదిగా వచ్చిన ఇంటి మర్యాద.

ఈ చిత్రాలు బయటి లోకం కంట పడినది ఒక విపత్తు మూలంగా. 1934 నాటి భూకంపంలో బీహారులో ఇండ్లు కూలినపుడు, పరిశీలనకు వెళ్లిన ఆంగ్లేయ అధికారి డబ్ల్యు.జి. ఆర్చర్ పగిలిన గోడల లోపలి చిత్రాలను చూశాడు. 1949లో 'మార్గ్' పత్రికలో ఆయన వాటిని గురించి వ్రాశాడు. రెండవ మలుపు కూడ విపత్తుతోనే వచ్చింది. 1966-67 కరవు కాలంలో అఖిల భారత హస్తకళల బోర్డు పక్షాన పుపుల్ జయకర్ చిత్రకారుడు భాస్కర్ కులకర్ణిని మధుబనికి పంపారు. గోడపై వ్రాసే స్త్రీల చేతికి కాగితం అందింది. కాగితంతో పాటు కూలి వచ్చింది. చిత్రం అడుగున సంతకం వచ్చింది. జగదంబా దేవికి 1975లో పద్మశ్రీ లభించింది. సీతాదేవి, గంగాదేవి, మహాసుందరీ దేవి వంటి పేర్లు దేశమంతటా తెలిశాయి. ఇతరుల ఇండ్లలో పనిచేస్తూ ఈ కళ నేర్చుకొన్న దులారీ దేవి 2021లో పద్మశ్రీ అందుకొన్నారు. గోడపై ఉన్నంతకాలం ఇంటి ఆచారంగా ఉండిన విద్య, కాగితం మీదికి వచ్చిన తరువాత వృత్తి అయినది.

స్టేషను చిత్రాలను ఈ చరిత్ర వెలుగులో చూడవలసి ఉంటుంది. అర్ధశతాబ్దికి పైగా కాగితం వెంట ప్రపంచమంతా తిరిగిన రేఖ తిరిగి గోడను చేరుకొన్నది. ఇది చిన్న విషయం కాదు. ఆ చిత్రాలను కొనుగోలుదారులు ఢిల్లీలోను, విదేశాలలోను చూస్తుండగా, పుట్టినచోట సిమెంటు ఇండ్లు పెరిగిన కొద్దీ అవి కంటికి దూరమవుతూ వచ్చాయి. టిక్కెట్టు కొన్న కూలివాడు, సంతకు వెళ్లే స్త్రీ, పరీక్ష వ్రాయబోయే విద్యార్థి ఇప్పుడు తమ ఊరి కళను ప్రవేశ రుసుము లేకుండా చూస్తున్నారు. రామాయణ ఘట్టాలు, కృష్ణలీలలు, మిథిల గ్రామజీవితం వారికి పరిచితమైన కథలే. ఆ కథలు తమ స్టేషనుకు తగినంత గొప్పవని ఒక ప్రభుత్వ సంస్థ అంగీకరించడం ఆ ప్రజలకు గౌరవమే.

అయితే గోడ మారినపుడు రేఖకు కూడ కొత్త పరీక్ష ఎదురవుతుంది. మిథిల చిత్రకళలో సన్నని గీతల అల్లికతో సాగే 'కచ్‌నీ', రంగులు నిండుగా దిద్దే 'భర్‌నీ' అని ప్రసిద్ధమైన రెండు రీతులున్నవి. కచ్‌నీ సౌందర్యం దగ్గరగా కూర్చుండి చూచేవారికి దక్కుతుంది. రైలు కోసం త్వరపడే ప్రయాణికుని దృష్టి ఆ గీతలపై నిలువదు. భర్‌నీలోని జంట గీతల హద్దులు, పెద్ద కండ్లు, ఎరుపు పసుపుల నిండుతనం ప్లాట్‌ఫారం అంత దూరం నుండి కూడ పలుకుతాయి. కనుక స్టేషను గోడకు కథాచిత్రం నప్పినంతగా కొహబర్ నప్పదు. కొహబర్ ఒక గదికి, ఒక జంటకు, ఒక రాత్రికి చెందిన మంగళచిహ్నం. జనసమ్మర్దంలో అది అలంకారంగా మిగులుతుంది. ఏ చిత్రం ఏ గోడకు తగునో నిర్ణయించే వ్యవధి కొద్దిరోజుల పండుగలో దొరకడం కష్టం.

ఇక శ్రమదానం మాట. ఆ మాట పవిత్రమైనదే. కాని కొహబర్ వ్రాసిన ఇరుగుపొరుగు స్త్రీకి కూలి లేకపోయినా, ఆమె ఇంట పెండ్లి వచ్చినపుడు ఈ ఇంటివారు వెళ్లి గోడ దిద్దుతారు. అది అప్పు, తీర్పు గల సంబంధం. స్టేషను గోడకు గృహస్థు రైల్వే శాఖ. చిత్రకారిణి ఇంట శుభకార్యం జరిగితే ఆ గృహస్థు వచ్చి తీర్పవలసిన రేఖ ఏమీ లేదు. అటువంటపుడు తీర్పు కూలి రూపంలోనైనా ఉండడం న్యాయం. కాగితం నేర్పిన ముఖ్యమైన పాఠం ఇదే: ఈ స్త్రీల చేతి పనికి ధర ఉన్నది. ఇతర వృత్తులవారు ఒకనాటి సెలవును దానం చేసినపుడు అది సేవ. చిత్రలేఖనమే జీవనోపాధి అయిన మనిషి రోజుల తరబడి ఉచితంగా చిత్రిస్తే అది ఆమె అంగడిని ఆమే మూసుకోవడం. స్వచ్ఛంద సేవకులు, వృత్తి కళాకారులు కలిసి పనిచేసే ప్రతిచోట ఈ రెండింటికీ నడుమ గీత స్పష్టంగా ఉండాలి. నేపాల్ మిథిలలో 1989లో ఆరంభమైన జనక్‌పుర్ మహిళా వికాస కేంద్రం స్త్రీల సామూహిక చిత్రరచనను ఆదాయంతో ముడిపెట్టగలిగింది. కలిసి పనిచేయడానికి, కూలి పొందడానికి వైరుధ్యం లేదని అది చూపుతుంది.

మూడవ ప్రశ్న చిత్రాల ఆయుష్షుకు సంబంధించినది. పల్లెలో కొహబర్ శాశ్వతం కాదు. వానకు చెమ్మగిల్లుతుంది, అలుకుతో చెరిగిపోతుంది, మరో పెండ్లికి మళ్లీ మొలుస్తుంది. చెరగడం అక్కడ నష్టం కాదు, తిరిగి దిద్దే చేతులు ఇంటనే ఉన్నవి కనుక. సంస్థల గోడలకు ఈ భాగ్యం లేదు. గంగాదేవి తన జీవితపు చివరి సంవత్సరాలలో, అనారోగ్యంతో ఉండి కూడ, ఢిల్లీలోని జాతీయ హస్తకళల మ్యూజియంలో ఒక కొహబర్ గదిని చిత్రించారు. ఆమె 1991లో మరణించారు. 2015లో పునరుద్ధరణ పనుల సందర్భంలో ఆ గది చిత్రాలు నాశనమయ్యాయి. ఆ రేఖను తిరిగి దిద్దే చేయి ఇక లేదు. స్టేషను గోడలకు కూడ నేడో రేపో వెల్ల వేయవలసి వస్తుంది. ఆనాడు ఎవరిని పిలవాలో, ఎవరి అనుమతి తీసుకోవాలో ముందుగానే వ్రాసి ఉంచని కుడ్యచిత్ర కార్యక్రమం సగం పనిగానే మిగులుతుంది.

చివరిది, గోడపై ఎవరి కథ ఉన్నదన్న ప్రశ్న. పచ్చబొట్టు గీతల నుండి 'గోద్‌నా' రీతిని రూపొందించిన దుసాధ్ స్త్రీలు తమ వీరుడు రాజా సల్హేసు గాథను చిత్రిస్తారు. ఊరుమ్మడి గోడపై రాముడు, కృష్ణుడు ఎంత సహజమో సల్హేసు కూడ అంత సహజం కావాలి. సమాజం వేసిన చిత్రమని చెప్పుకొనే గోడ ఆ సమాజంలోని అందరి ముఖాలను చూపగలిగితేనే ఆ పేరు సార్థకం.

2012లో మధుబని పరిసరాలలో రహదారి వెంట చెట్ల బోదెలకు దేవతామూర్తులను చిత్రించి, వాటిని నరకకుండా కాపాడే ప్రయత్నం జరిగింది. గొడ్డలి ఎత్తిన చేయి బొమ్మను చూచి ఆగాలన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. ఆ నమ్మకం గల ఊరికి గోడలను కాపాడుకోవడం నేర్పనక్కరలేదు. గోడ యజమానులుగా ఉన్న శాఖలు, సంస్థలు నేర్చుకోవలసినవే కొన్ని ఉన్నవి: చిత్రకారిణికి తగిన కూలి, చిత్రం పక్కన ఆమె పేరు, వెల్ల వేసే ముందు ఆమెకు పిలుపు. ఈ మూడూ సమకూరిన నాడు స్టేషను గోడ మిథిల ఇంటి గోడతో సాటి కాగలదు.