కోర్సు

మా తాలింఖానాలో ఎవరైనా ‘కోర్సు’ అంటే చదువు గురించి కాదని, స్టెరాయిడ్ల గురించని నాకు ఆలస్యంగా తెలిసింది. పంతొమ్మిదేళ్ల కుర్రాడొకడు మూడు నెలల్లో స్నాచ్ పదిహేను కిలోలు పెంచాడు. వీపు నిండా మొటిమలు. “ఏం తింటున్నావురా?” అంటే, “గుడ్లే మాస్టారూ” అని నవ్వాడు.

ఇరవై ఏళ్లు బార్ పట్టినవాణ్ణి. స్నాచ్ అంటే బార్‌ని నేల మీంచి ఒకే ఊపున తల పైకి ఎత్తడం. దానికి బలం కన్నా ముందు అదను తెలియాలి. బార్ మోకాళ్లు దాటేదాకా ఓపిక పట్టాలి, తొడల దగ్గరికి రాగానే ఒక్క ఊపున లేవాలి, అది గాల్లో ఉండగానే కిందికి దూరిపోవాలి. ఆ అదను చిక్కడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ వారానికోసారి జారిపోతుంది, అది వేరే సంగతి.

డెకా, డయనబాల్ లాంటి స్టెరాయిడ్లు కండనైతే పెంచుతాయి. దాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు మాత్రం అంత తొందరగా గట్టిపడదు. హార్మోన్ బయటినుంచే వస్తోందని వృషణాలు పని తగ్గించి కుంచించుకుపోతాయి. గుండె గోడ మందమవుతుంది. ఎదిగే వయసులో వాడితే పొడుగు అక్కడితో ఆగిపోవచ్చు.

కుర్రాణ్ణి తిడదామనుకున్నాను, నోరు రాలేదు. వాడి తొందర అద్దం ముందు ఫొటోల కోసం కాదు. జాతీయ పోటీల్లో పతకమొస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. డోప్ పరీక్షలో దొరికిపోతే నాలుగేళ్ల నిషేధం, ఈలోగా వయసు దాటిపోతుంది. దొరకనులే అనే ధీమా అందరిదీ. 2023లో మన దేశంలో అన్ని ఆటల్లో కలిపి 5606 నమూనాలు పరీక్షిస్తే 213లో నిషిద్ధ మందులు బయటపడ్డాయి.

వాడికి మా పక్క కథే చెప్పాను. విజయనగరం దగ్గర కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో, 53 కిలోల విభాగంలో కంచు పతకం అందుకుంది. బంగారం గెలిచిన పదహారేళ్ల నైజీరియా పిల్ల డోప్ పరీక్షలో దొరికింది. ఒంట్లో నీరు తోడేసే మందులు. సంతోషి కంచు వెండిగా మారింది, కానీ వేదిక దిగిపోయిన కొన్ని రోజులకి.

కుర్రాడు అరచేతులకి సుద్ద రాసుకుంటూ అంతా విన్నాడు.

“మరి ఉద్యోగానికి ఏది లెక్క మాస్టారూ, కంచా, వెండా?”