క్రౌన్ పళ్లమీద పసుపు అచ్చు

గోదావరి జిల్లాల్లో దమ్ము చేసే ట్రాక్టరు డ్రైవరుకి డిఫరెన్షియల్ లాక్ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. వెనక చక్రం ఒకటి ఊబిలో గిర్రున తిరుగుతూ, రెండోది ఉన్నచోటే మొండికేస్తే, మడమ దానంతటదే కింది పెడల్ మీదికి పోతుంది. రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి, బండి పైకి లేస్తుంది, గట్టి నేల తగలగానే కాలు తీసేస్తాడు. ఆ ట్రాక్టరు కంటే ఎంతో ఎక్కువ ధర పలికే జీప్ ర్యాంగ్లర్ స్పోర్ట్‌లో ఆ సదుపాయం లేదు. కావాలంటే రూబికాన్ లాంటి పైమెట్టు బండి కొనుక్కోవాలి, లేదా ఇరుసు విప్పించి విడిగా పెట్టించుకోవాలి. ఈ రెండో దారిలో ఉన్న పనితనం మీద నాకు మొదట్నుంచీ మోజు.

రూబికాన్ పేరుతో మొదటి బండి 2003 మోడల్‌గా వచ్చింది. ముందూ వెనకా డానా 44 అనే గట్టి ఇరుసులే, రెండింటిలోనూ లాకర్లు, అంటే డిఫరెన్షియల్ లాకులు, ఫ్యాక్టరీలోనే బిగించారు. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా కొండల్లోంచి టాహో సరస్సు వైపు సాగే రాళ్లదారి పేరు దానికి పెట్టారు. 2007 నుంచి 2018 దాకా నడిచిన ర్యాంగ్లర్ జేకే తరంలో, నాలుగు తలుపుల స్పోర్ట్ కొన్నవాళ్లకి కూడా వెనక ఇరుసు డానా 44నే ఇచ్చారు. షాఫ్టు మీది గాడులు రూబికాన్‌కి 32, దీనికి 30. అంటే గట్టి ఇరుసు ఇచ్చి, లోపల పెట్టాల్సిన లాకు మాత్రం మిగుల్చుకున్నారు. కంపెనీ లెక్కలు కంపెనీవి. మెకానిక్‌కి మాత్రం ఇంతకంటే మంచి పునాది దొరకదు.

లాకర్ ఎందుకన్నది ముందు తేల్చుకోవాలి. ‘తేలిన చక్రానికే శక్తంతా పోతుంది’ అని చాలామంది అంటారు. అది సరిగ్గా చెప్పిన మాట కాదు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ ఎప్పుడూ సమానమైన టార్కే పంచుతుంది. చిక్కంతా ఆ సమానత్వంలోనే ఉంది. గాలిలో వేలాడే చక్రాన్ని తిప్పడానికి దాదాపు టార్కే అక్కర్లేదు కాబట్టి, రాతి మీద గట్టిగా నిలబడ్డ రెండో చక్రానికీ అంతే దక్కుతుంది. ఇంజన్ ఎంత పెద్దదైనా లాభం లేదు. ఈమధ్య బళ్లలో తిరిగే చక్రానికి కంప్యూటరే బ్రేకు వేసి దాన్ని కాస్త బరువెక్కిస్తుంది, దాంతో అవతలి చక్రానికి కూడా ఆ మేరకు బలం అందుతుంది. తెలివైన ఉపాయమే. కాకపోతే ముందు చక్రం జారాలి, తర్వాత బ్రేకు పట్టాలి, ఎక్కువసేపు సాగితే బ్రేకులు వేడెక్కుతాయి. లాకర్‌కి ఈ గొడవ లేదు. ఎడమ కుడి షాఫ్టుల్ని ఒకే కడ్డీలా చేసేస్తుంది, ఎవరికి ఎంత పట్టు ఉంటే వాళ్లకి అంత టార్కు.

లాకర్లలో జాతులు చాలా ఉన్నాయి. మన మహీంద్రా థార్‌లలో కొన్నింటికి ఇచ్చే మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ తనంతట తానే పట్టుకుంటుంది. చక్రాల వేగంలో తేడా నిమిషానికి సుమారు వంద చుట్లు దాటితే చాలు. డెట్రాయిట్ లాకర్ ఎప్పుడూ పట్టుకునే ఉండి మలుపులో వదులుతుంది, వదిలేటప్పుడు తారురోడ్డు మీద టక్కుమనే చప్పుడు వినిపిస్తుంది. ఫోర్స్ గూర్ఖాలో ముందూ వెనకా లాకులు డ్రైవరే వేసుకుంటాడు. నా ఓటు డ్రైవరు చేతిలో ఉండే వాటికే. అందులో ఆస్ట్రేలియా కంపెనీ ఏఆర్‌బీ చేసే ఎయిర్ లాకర్‌ది మరీ ముచ్చటైన ఏర్పాటు. 1975లో మెల్‌బోర్న్‌లో మొదలైన ఆ కంపెనీ 1980ల చివర్లో ఈ లాకర్లలోకి దిగింది.

చూడ్డానికి అదొక బరువైన ఉక్కు కేస్, లోపల స్టార్ గేర్లు, చక్రాల షాఫ్టులకి కలిసే రెండు సైడ్ గేర్లు. కేస్ ఒక చివర, బేరింగ్ పక్కన, సీల్ హౌసింగ్ అనే ఉంగరం ఉంటుంది. కేస్ తిరుగుతుంది, ఉంగరం తిరగదు. తిరగని దాన్నుంచి తిరిగే దానిలోకి గాలి పంపాలి, కష్టమంతా అక్కడే. ఉంగరం లోపల రెండు ఓ-రింగుల మధ్య సన్నటి ఖాళీ వదిలారు. కంప్రెసర్ నుంచి వచ్చిన గాలి అందులోకి చేరి, కేస్‌లోని రంధ్రం గుండా లోపలికి పోయి, పిస్టన్‌ని నెడుతుంది. పిస్టన్ ఒక గాడుల చట్రాన్ని జరిపి ఒక సైడ్ గేరుని కేస్‌కి కట్టేస్తుంది. ఒక్కటి చాలు. ఒక వైపు కట్టుబడగానే స్టార్ గేర్లు తమలో తాము తిరగడానికి వీల్లేదు, రెండో సైడ్ గేరు కూడా చచ్చినట్టు కేస్‌తోపాటే తిరుగుతుంది. గాలి వదిలితే స్ప్రింగులు చట్రాన్ని వెనక్కి తోసేస్తాయి. రెండు వైపులా లాకు పెట్టాలనుకునే తొందర లేకుండా, ఒక వైపుతో సరిపెట్టిన ఆ పొదుపు నాకు భలే నచ్చుతుంది.

ఇంతవరకూ పెట్టెలో వచ్చే వస్తువు గొప్పదనం. దాన్ని ఇరుసులో కూర్చోబెట్టేది మెకానిక్. అసలు పనితనం అక్కడుంది.

చేయి తిరిగిన మెకానిక్ ఇరుసు వెనక మూత విప్పి నూనె వంచేశాక, వెంటనే స్పానరు పట్టడు. ముందు కొలతలు తీసుకుంటాడు. కేస్‌కి బిగించి ఉండే పెద్ద పళ్లచక్రం క్రౌన్. దాని పంటి అంచుకి డయల్ గేజి ముల్లు ఆనించి, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్ కదలకుండా పట్టుకుని, క్రౌన్‌ని అటూ ఇటూ ఊపుతాడు. రెండింటి పళ్ల మధ్య ఉన్న ఆ కాస్త ప్లే ఎంతో గేజి చెబుతుంది. డానా 44కి సాధారణంగా ఇది అంగుళంలో వెయ్యో వంతులు ఆరు నుంచి పది దాకా, అంటే మహా అయితే మిల్లీమీటరులో సుమారు నాలుగో వంతు. తర్వాత కొన్ని పళ్లకి పసుపు రంగు మార్కింగ్ పేస్టు పూసి, క్రౌన్‌ని గుడ్డముక్కతో కాస్త అదిమిపట్టి, రెండు దిక్కులా తిప్పుతాడు. పినియన్ పళ్లు ఒత్తిన చోట పేస్టు పక్కకి జరిగి, కోలగా ఒక మచ్చ తేలుతుంది. ఆ అచ్చుని ఫొటో తీసి పెట్టుకుంటాడు.

పాత డిఫరెన్షియల్ ఎలాగూ తీసేస్తున్నప్పుడు దాని కొలతలతో పనేమిటని అనిపిస్తుంది. తీసేది కేస్‌ని మాత్రమే. క్రౌన్, పినియన్ పాతవే. ఆ రెండింటినీ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి సానబట్టి జంటగా పంపుతారు. ఆ తర్వాత ఎన్నో వేల మైళ్లు కలిసి తిరిగి, ఒకదాని పళ్లు ఇంకోదానికి అలవాటు పడిపోయి ఉంటాయి. ఇప్పుడు వాటిని కాస్త దూరం జరిపినా, దగ్గరకి నొక్కినా, హైవే మీద ఒక వేగం దగ్గర సన్నటి రాగం మొదలవుతుంది. పుస్తకంలో రాసిన కొలత సరిపోయినా రాగం ఆగకపోవచ్చు. కాబట్టి కొత్త కేస్‌తో అతను చేరుకోవాల్సిన గమ్యం పాత స్థానమే. మార్చడానికి వచ్చినవాడి నైపుణ్యం ఏమీ మారనట్టు చేయడంలో ఉంది. ఈ పని మీద నాకున్న గౌరవమంతా ఇక్కడి నుంచే వచ్చింది.

ఇక విప్పుడు. బ్రేకులు, ఏబీఎస్ సెన్సార్లు పక్కకి, చక్రాల దగ్గరి బోల్టులు ఊడదీసి షాఫ్టులు బయటికి. కేస్‌ని పట్టి ఉంచే రెండు బేరింగ్ క్యాపులకి మాత్రం ఊడదీసే ముందే గుర్తులు కొడతాడు. ఎడమది ఎడమకే, పైది పైకే. ఆ క్యాపులు హౌసింగ్‌కి బిగించి ఉండగానే లోపలి గుండ్రం తొలిచారు కాబట్టి, తారుమారైతే గుండ్రం గుండ్రంగా ఉండదు. హౌసింగ్‌ని స్ప్రెడర్‌తో వెంట్రుకవాసి తెరిచి కేస్ లాగుతారు. అత్యాశకి పోయి ఎక్కువ తెరిస్తే ఆ పోతఇనుము మళ్లీ పాత రూపానికి రాదు.

పాత కేస్ నుంచి క్రౌన్ ఊడదీసి కొత్తదానికి ఎక్కించేటప్పుడు సుత్తి దూరంగా ఉండాలి. కూర్చునే అంచుని సానరాయితో మెల్లగా తడుముతాడు, కంటికి కనిపించని గరుకుంటే రాయికి తగులుతుంది. క్రౌన్‌ని వేడినీళ్లలో ఉంచితే కాస్త వ్యాకోచించి తనంతట తాను జారి కూర్చుంటుంది. కొత్త బోల్టులు, వాటికి ఎర్రని థ్రెడ్ లాకర్, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగింపు. కింద కాస్త మెటల్ పొడి చిక్కుకున్నా క్రౌన్ వంకరగా తిరుగుతుంది. గేజి దాన్ని దాచదు. చుట్టూ మూడు నాలుగు చోట్ల ప్లే కొలిస్తే ఒక్కో చోట ఒక్కోలా వస్తుంది.

తర్వాత వచ్చేది షిమ్‌ల ఘట్టం. ఇది చూసేవాడికి విసుగు, చేసేవాడికి పరీక్ష. బేరింగుల పక్కన పెట్టే ఈ పలచటి ఉక్కు వలయాలు రెండు పనులు చేస్తాయి. రెండు వైపులా కలిపి మొత్తం మందం బేరింగులు ఎంత బిగుతుగా ఉండాలో తేలుస్తుంది. ఏ వైపు ఎంత అన్న పంపకం క్రౌన్ పినియన్‌కి ఎంత దగ్గరగా ఉండాలో తేలుస్తుంది. అందుకని మొత్తం చెదరకుండా, ఒక వైపు తీసింది రెండో వైపు చేర్చాలి. వెయ్యో వంతులు పది అటు మారిస్తే ప్లేలో సుమారు ఏడు మారతాయన్న లెక్క ఇలాంటి మెకానిక్‌ల వేళ్లకి అలవాటై ఉంటుంది. ప్రతి మార్పుకీ కేస్ బయటికి తీయాలి, మళ్లీ పెట్టాలి. కొత్త బేరింగుల్ని అన్నిసార్లు ప్రెస్‌తో ఎక్కించి దించితే పాడైపోతాయి. అందుకే అనుభవజ్ఞులు పాత బేరింగుల లోపలి వలయాన్ని కాస్త అరగదీసి, చేత్తో ఎక్కి చేత్తో దిగేలా చేసుకుంటారు. సెటప్ బేరింగులంటే అవే. లెక్క కుదిరాకే కొత్తవి ప్రెస్ ఎక్కుతాయి. దుకాణంలో మెకానిక్‌ని అంచనా కట్టాలంటే నేనైతే టూల్‌బాక్సు వైపు చూడను. ఆ సొరుగులో అరగదీసిన బేరింగులు ఉన్నాయా లేవా అని చూస్తాను.

ప్లే పాత అంకెకి వచ్చింది. మళ్లీ పసుపు పేస్టు. క్రౌన్ పంటికి ఉబ్బిన వైపు, లోతైన వైపు అని రెండు ముఖాలు. బండి లాగేటప్పుడు ఒకటి, యాక్సిలరేటరు వదిలినప్పుడు ఇంకోటి పని చేస్తాయి. అచ్చు పంటి కొనకి ఎక్కితే పినియన్ దూరంగా ఉందని, మొదటికి దిగితే లోతుగా చొచ్చిందని అర్థం. ఇక్కడ పినియన్‌ని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి దాని లోతు మారే అవకాశం లేదు. ప్లే సరిపోయి అచ్చు మాత్రం ఫొటోలోదానికి తేడాగా ఉంటే, ఏదో సరిగ్గా కూర్చోలేదన్నమాటే. క్యాపా, బేరింగ్ కప్పా, క్రౌనా? మంచివాడు మళ్లీ విప్పుతాడు. వెలుతురులోకి వంగి, అచ్చునీ ఫోన్‌లో ఫొటోనీ మార్చి మార్చి చూసుకునే ఆ రెండు నిమిషాల్లో మెకానిక్‌ని పలకరించకపోవడం మర్యాద.

పెద్ద టైర్ల కోసం ఇదే అదనుగా గేరు నిష్పత్తి కూడా మార్పించుకునేవాళ్లు ఎక్కువ. అప్పుడు పినియన్ లోతు కూడా కొత్తగా తేల్చాలి. పని రెట్టింపు, పాత ఫొటో పనికిరాదు.

గాలి గొట్టానికి హౌసింగ్ పైభాగంలో ఒక రంధ్రం తొలవాలి. డ్రిల్లుకీ ట్యాపుకీ గ్రీజు పూసి, రాలిన ఇనుప పొడిని గ్రీజుకే అంటించుకుంటారు. మిగిలింది అయస్కాంతం, వాక్యూమ్ చూసుకుంటాయి. లోపలి సన్నటి గొట్టాన్ని క్రౌన్‌కి తగలకుండా వంచాలి, ఒక్క వంపులో నొక్కు పడినా గాలి నడవదు. బయట నీలం నైలాన్ గొట్టం సైలెన్సర్ వేడికి దూరంగా, ఇరుసు ఊగేందుకు కొంత వదులు ఉంచి, సోలనాయిడ్ దాకా సాగుతుంది. కంప్రెసర్ సుమారు వంద పీఎస్ఐ దగ్గర ఆగుతుంది. ఆగాక ఊరుకోవాలి. లాకు వేసి ఉంచినంతసేపూ మాటిమాటికీ మళ్లీ మొదలైతే ఎక్కడో కారుతోందని, సబ్బునీళ్లు తెమ్మని అర్థం.

చివరి పరీక్షకి యంత్రం ఏదీ అక్కర్లేదు. వెనక చక్రాలు రెండూ లేపి, గేరులో ఉంచి, ఒకదాన్ని చేత్తో తిప్పాలి. లాకు లేనప్పుడు రెండోది ఎదురు దిక్కుకి తిరుగుతుంది. స్విచ్ నొక్కితే, తుస్సుమన్న చిన్న శబ్దం తర్వాత, ఏదీ కదలదు. యజమాని మొహం వెలిగేది ఇక్కడే.

మొదటిరోజు ఇరవై నిమిషాలు నడిపి చల్లారనివ్వమంటారు, ఐదువందల మైళ్లకి నూనె మార్చమంటారు. ఇంకో హెచ్చరిక కూడా ఉంటుంది. ఫ్యాక్టరీ రూబికాన్ లాకు మామూలుగా ఫోర్‌వీల్ డ్రైవ్ లో రేంజిలోనే పడుతుంది. విడిగా పెట్టించుకున్నది ఎప్పుడంటే అప్పుడు పడుతుంది. పొడి తారురోడ్డు మలుపులో పొరపాటున వేస్తే టైర్లు రోడ్డు మీద ఈడ్చుకుంటాయి, ముందు చక్రాలు తిప్పినా బండి తిన్నగా పోవాలని చూస్తుంది.

ఇదే పని 1997–2006 నాటి టీజే తరం ర్యాంగ్లర్ స్పోర్ట్‌కి చేయమని వస్తే, తెలిసిన మెకానిక్ ముందు కిందికి దూరి ఇరుసు చూస్తాడు. వాటిలో చాలావాటికి వెనక ఉండేది డానా 35. షాఫ్టు సన్నం, 27 గాడులు, చక్రాన్ని నిలిపేది లోపల ఒక చిన్న సీ-క్లిప్. మామూలు డిఫరెన్షియల్ ఉన్నంతకాలం జారే చక్రమే రెండో షాఫ్టుని కాపాడుతూ వచ్చింది. లాకు పడితే మొత్తం టార్కు ఒక్క షాఫ్టు మీద పడొచ్చు. పెద్ద టైరుతో అది విరిగితే, సీ-క్లిప్‌కి అవతలి ముక్క చక్రంతో సహా బయటికి వచ్చేస్తుంది. అలాంటి బండికి అతను లాకర్ పెట్టె తెరవడు. 30 గాడుల షాఫ్టుల కిట్టు తెప్పించుకోమంటాడు, లేదా డానా 44 ఇరుసు ఎక్కడైనా దొరుకుతుందేమో చూసుకుని రమ్మంటాడు.