ఆశ్రయం అడగడం లేదు: పట్నంలో పాలమూరు మనిషి పడక గురించి

‘నిరాశ్రయులు’ అనే మాటతోనే మా పేచీ మొదలవుతుంది. నగరంలో ఆరుబయట బతికే మనుషుల్ని ప్రభుత్వ కాగితాలూ, పత్రికలూ, స్వచ్ఛంద సంస్థలూ ఈ మాటతోనే పిలుస్తున్నాయి. ఆశ్రయం అనే మాటలో ఇద్దరుంటారు. ఇచ్చేవాడు దాత, పుచ్చుకునేవాడు ఆశ్రితుడు. దయతో ఇచ్చిన దాన్ని దయ తప్పినప్పుడు గుంజుకోవచ్చు. ఈ సంబంధం దళితులకు కొత్తది కాదు. దొర పశువుల కొట్టంలో పడుకున్న జీతగాడికి కూడా దొర ‘ఆశ్రయమే’ ఇచ్చిండు. అందుకే నగరాల్లో నడుస్తున్న షెల్టర్ల గురించి మాట్లాడేటప్పుడు అక్కడ ఎన్ని దుప్పట్లు పంచారన్నది కాదు, అక్కడికొచ్చిన మనిషిని ఏ మనిషిగా చూశారన్నది అడగాలె.

బల్మూర్‌ను తీసుకుందాం. నల్లమల అంచున, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని మండల కేంద్రం. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ‘పాలమూరు లేబర్’ అనే పేరును దూరదేశాల దాకా మోసిన నేల ఇది. వానమీద ఆధారపడ్డ చెలక, తీరని అప్పు, గుంపు మేస్త్రి చేతిలో పెట్టే అడ్వాన్సు, ఈ మూడూ కలిసి మనిషిని బస్సెక్కిస్తయి. ప్రాజెక్టుల కట్టలు పోసిందీ, కాలువలు తవ్విందీ, పట్నంలో అంతస్తు మీద అంతస్తు లేపిందీ ఈ చేతులే. పోయేదెవరు? మాదిగ వాడ, మాల వాడ, లంబాడి తండా, భూమిలేని వెనుకబడిన కులాలు. ఇట్లా పోయిన మనిషికి ఊర్లో ఇల్లుంది, తలుపుకు తాళముంది, ఓటు అక్కడే ఉంది. పట్నంలో మాత్రం అతని పడక సైటు మీద, అడ్డా పక్కన, పెద్దాసుపత్రి గోడ కింద, బస్టాండులో. మరి ఇతను ఇల్లున్నవాడా, లేనివాడా?

జనగణన ఈ ప్రశ్నకు ఒక్క రాత్రిలో జవాబు చెప్పేసింది. 2011 ఫిబ్రవరి 28 రాత్రి రోడ్ల పక్కన, ఫ్లైఓవర్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, గుడి మండపాల్లో కనబడినవాళ్లను లెక్కేస్తే దేశంలో 17.7 లక్షల మంది తేలారు. అందులో సగానికి పైగా పట్టణాల్లోనే. సైటు గుడిసెలో ఉన్న కుటుంబం మాత్రం ఈ లెక్కలోకి రాదు. గుడిసెకు కప్పుంది గదా! బిల్డింగు పూర్తయిన మర్నాడు ఆ కప్పు పీకేస్తారు. అప్పటికి లెక్క ముగిసిపోయి ఉంటది.

ఇంకొక సంగతి. బల్మూర్ ఉన్నది అచ్చంపేట శాసనసభ నియోజకవర్గంలో. అది ఎస్సీ రిజర్వుడు సీటు. అక్కడ గెలిచిన దళిత శాసనసభ్యుడు సభ కోసం పట్నమొస్తే ఉండటానికి ఎమ్మెల్యే క్వార్టర్లున్నాయి. ఉండాలె కూడా. ఆయన ఇల్లు నియోజకవర్గంలో, పని పట్నంలో. ఆయన్ని ఎవరూ నిరాశ్రయుడని అనరు. ఆయనకు ఓటేసిన కూలిమనిషి పరిస్థితి కూడా అచ్చంగా ఇదే, ఇల్లు ఊర్లో, పని పట్నంలో. ఒకరి అవసరం హోదా అయ్యి, ఇంకొకరి అవసరం జాలి ఎట్లా అయ్యింది?

కాగితం మీద చూస్తే కొదవేం లేదు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010లో, పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని, అది ఏడాది పొడుగునా, 24 గంటలూ నడవాలని చెప్పింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్, మనిషికి 50 చదరపు అడుగుల చొప్పున, కనీసం 50 మందికి ఒక షెల్టర్ అని రాసింది. రేషన్, పింఛన్, అంగన్‌వాడీ, బడి, వైద్యం, న్యాయ సహాయం, వీటన్నిటితో షెల్టర్‌ను ముడిపెట్టాలని కూడా రాసింది. 2011 లెక్క ప్రకారం హైదరాబాద్ మహానగర పాలక సంస్థ పరిధిలో 67 లక్షల పైచిలుకు జనం. అంటే 67 షెల్టర్లు కావాలె. నగరం ఆ అంకె దరిదాపులకు రాలేదు.

అంకె ఒక్కటే మా విమర్శ కాదు. 24 గంటల చోటు అని కోర్టు చెప్పినా, జనం నోట్లో, అధికారి బుర్రలో అది ‘నైట్ షెల్టర్’గానే మిగిలింది. రాత్రి రానిచ్చి పొద్దున్నే పంపించే చోటు అన్నమాట. కానీ పగలు సంగతేంది? పొద్దున ఆరింటికి అడ్డా మీద నిలబడ్డ మనిషికి పదింటిదాకా పని దొరక్కపోతే ఆ రోజు మొత్తం ఎక్కడ కూర్చోవాలె? మూట ఎక్కడ పెట్టాలె? ఆడమనిషి స్నానం ఎక్కడ చేయాలె, నెలసరి గుడ్డ ఎక్కడ మార్చుకోవాలె? జ్వరమొచ్చిన మేస్త్రీ కూలి ఎక్కడ నడుం వాల్చాలె? కేన్సరాసుపత్రిలో తండ్రిని చూపించడానికొచ్చి, మందుకు మందుకు మధ్య వారాలు గడపాల్సిన కొడుకు ఎక్కడుండాలె? 2014లో నగరపాలక సంస్థ మొదలుపెట్టిన అయిదు రూపాయల భోజనం ఈ మనుషుల్లో చాలామంది ఆకలి తీర్చింది, కాదనడం లేదు. కానీ నిలబడి తిన్న తర్వాత కూర్చునే చోటేది? అడగకుండా వచ్చి, చెప్పకుండా పోగలిగే చోటు, నీళ్లు, స్నానం, మూటకు తాళమేసే పెట్టె, ఒక నర్సు, కూలి ఎగ్గొట్టిన కాంట్రాక్టరు మీద కాగితం రాసిపెట్టే ఒక మనిషి - ఇది కావలసిన సేవ. పడక అందులో ఒక భాగం మాత్రమే.

ఆశ్రయం అనే మాట ఎక్కడిదాకా పోగలదో 2017 నవంబరులో నగరం చూసింది. ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు అమెరికా అధ్యక్షుడి కూతురు వస్తున్నదని, పోలీసులు రెండు నెలలపాటు భిక్షాటనను నిషేధించిండ్రు. రోడ్ల మీద ఉన్నవాళ్లను ఎత్తుకపోయి మగవాళ్లను చంచల్‌గూడ, ఆడవాళ్లను చర్లపల్లి జైలు ఆవరణల్లో పెట్టిండ్రు. ఆ చోటుకు పెట్టిన పేరు ‘ఆనంద ఆశ్రమం’. బిచ్చగాళ్లను చూపించినవాళ్లకు 500 రూపాయల బహుమతి అని జైళ్ల శాఖ ప్రకటించింది. 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం దీనికి దన్ను. ఇచ్చేవాడి దయ మీద నడిచే ఆశ్రయానికీ జైలు గోడకూ మధ్య దూరం ఎంత తక్కువో దీంతో తేలిపోలేదా?

ఇందులో కులమెక్కడుంది, ఫుట్‌పాత్ మీద అన్ని కులాల బీదవాళ్లూ ఉంటారు గదా అని కొందరు మిత్రులు అడుగుతారు. ఉంటారు. కానీ ఊరుగాని ఊర్లో మనిషి ఎక్కడ దిగాలన్నది మన దేశంలో ఎప్పుడూ కులమే తేల్చింది. బల్మూర్ నుంచి నల్లమల దాటి శ్రీశైలం పోతే అక్కడ కులానికో సత్రం కనబడుతుంది. రెడ్లకు, కమ్మవాళ్లకు, వెలమలకు, వైశ్యులకు, బ్రాహ్మణులకు వాళ్ల వాళ్ల సత్రాలు. విదేశీ చదువు చదివి 1917లో బరోడా కొలువుకు వచ్చిన అంబేద్కర్‌కు ఆ నగరంలో దిగడానికి చోటు దొరకలేదు. పేరు మార్చుకొని పార్సీల సత్రంలో ఉంటే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టిండ్రు. ఆయనకు లేనిది డబ్బు కాదు, చదువు కాదు. నగరంలో నిలబడే హక్కు. బంధువు ఇల్లు, కుల హాస్టల్, కుల సత్రం ఉన్నవాడు పట్నంలో ‘నిరాశ్రయుడు’ కావడానికి ముందు చాలా మెట్లు ఉంటయి. వాడ నుంచి వచ్చినవాడికి బస్సు దిగంగనే ఫుట్‌పాత్.

చట్టం కూడా ఈ మనిషిని పక్కనబెట్టింది. 1979 నాటి వలస కార్మికుల చట్టం రాష్ట్రం దాటినవాళ్లకే వర్తించింది. బల్మూర్ నుంచి పట్నం వచ్చినవాడు వలస కార్మికుడే కాడు! 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, 34వ సెక్షన్‌లో, యజమాని సైటు దగ్గరే ఉచితంగా వసతి కల్పించాలని స్పష్టంగా రాసింది. ఆ వసతిని ఇయ్యని యజమానిని అడగకుండా, కూలీని షెల్టర్‌కు తరలించి ‘ఆదుకున్నాం’ అనడమంటే కాంట్రాక్టరు ఎగ్గొట్టిన బాకీని దానం పేరుతో మాఫీ చేయడమే.

కాబట్టి మేము చెప్పేది ఇది. షెల్టర్లు వద్దనడం లేదు, 67కు 67 కావాలె. కానీ కార్డు చూపమని, కులం చెప్పమని, ఒంటరివాడివేనా కుటుంబమా అని గుమ్మంలో నిలదీయని షెల్టర్లు కావాలె. అడ్డాల దగ్గర, ఆసుపత్రుల దగ్గర, బస్టాండ్ల దగ్గర, పగలూ తెరిచి ఉండే షెల్టర్లు కావాలె. వాటి నడిపింపులో అక్కడ పడుకునేవాళ్లకు మాట ఉండాలె. ఊర్లో భూమి అడిగిన నోటితోనే పట్నంలో చోటు అడగాలె. నగరాన్ని కట్టినవాడు ఆ నగరంలో అతిథి కాదు, ఆశ్రితుడు అసలే కాదు.