మిగిలిపోయిన నాలుగు

చిలమకూరు చుట్టుపక్కల గనుల్లో తీసిన నాపబండ మీద సుద్దముక్కతో రాస్తే పలక మీద రాసినట్టే తెల్లగా తేలుతుంది. అరుగుకు పరిచిన అలాంటి బండ మీదే మా మేనల్లుడి చేత నాలుగు నాలుగుల లెక్క చేయిస్తుంటాను. సరిగ్గా నాలుగు 4లు వాడాలి. కూడొచ్చు, తీసేయొచ్చు, హెచ్చవేయొచ్చు, భాగించొచ్చు. రెండింటిని పక్కపక్కన పెట్టి 44 అనుకోవచ్చు. ఒకటి నుంచి వరసగా ఎంత దూరం పోతే అంత.

44÷44 ఒకటి. (4+4+4)÷4 మూడు. 44÷4−4 ఏడు. (44−4)÷4 పది. పదకొండు దగ్గర వస్తుంది చిక్కు. 44ను 4తో భాగిస్తే 11 వచ్చేసినట్టే, కానీ అయినవి మూడు నాలుగులే.

"మామా, ఈ మిగిలిన నాలుగును యాడ పెట్టాల?"

యాడా పట్టదు. కూడితే 15, తీసేస్తే 7. ఈ పనిముట్లతో ఎంత తిప్పినా పదకొండు రాదు. వాడు బాగా విసిగిపోయాకే వర్గమూలం చేతికిచ్చాను: 44÷(√4+√4). మొదటిరోజే ఇచ్చుంటే అదీ బడిలో చెప్పే ఇంకో గుర్తయ్యేది, అంతే.

ఈ ఆటలో పనితనమంతా ఏది వాడకూడదో తేల్చుకోవడంలోనే ఉందని నా నమ్మకం. భౌతిక శాస్త్రవేత్త పాల్ డిరాక్ సంగతి చూడండి. లాగరిథమ్‌లు వాడి, మూడు 2లతోనే ఏ ధన పూర్ణసంఖ్యనైనా రాసే దారి చూపించాడు. 2కు వరసగా మూడుసార్లు వర్గమూలం తీసి, 2 ఆధారంగా రెండుసార్లు లాగరిథమ్ కట్టి, ముందు మైనస్ పెడితే 3. నూరుసార్లు తీస్తే 100. మహా తెలివి, కాదనను. కానీ ఆ తర్వాత ఆడటానికి ఏం మిగిలింది?

మనవాళ్ల దగ్గర ఇదే సరదా తిరగేసి ఉంది. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో, జవాబు హారంలా పేర్చినట్టు వచ్చే గుణకారాలిచ్చాడు. 152207ను 73తో హెచ్చవేస్తే ఎనిమిది ఒకట్లు. 12345679ను 9తో హెచ్చవేస్తే తొమ్మిది ఒకట్లు. వాడిన పనిముట్టు గుణకారం ఒక్కటే! ఆ గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో మొదటి గణిత గ్రంథం అదేనంటారు. కవులకు దక్కిన పేరు ఆయనకు దక్కలేదన్నది నా ఫిర్యాదు.

మావాడికి ఆ తొమ్మిది ఒకట్లు చూపించి, తొమ్మిది నాలుగులు రావాలంటే దేంతో హెచ్చవేయాలన్నాను. కాసేపు గొణుక్కుని 36 అన్నాడు. 444444444ను బండ ఆ కొస నుంచి ఈ కొసకు రాశాడు.

వర్గమూలం దొరికాక 13, 14, 18 తేలిగ్గానే దాటేశాడు. ఇప్పుడు 19 దగ్గర కూర్చున్నాడు. 4 పక్కన ఆశ్చర్యార్థకం పెడితే 24 అవుతుందని వాడికింకా చెప్పలేదు.