మందు కనుగొనుట, మందు ఇచ్చుట

1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున బడిచదువు చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు విననివారు తెలుగు పాఠశాలలలో అరుదు. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. ఆ ఆమ్లము చేయు పనికి అడ్డుతగులు పదార్థములను కూడ ఆ బృందమే రూపొందించినది. వానిలో ఒకటి నేటి మెథోట్రెక్సేటు. క్యాన్సరుకు వాడు ఈ మందును అమెరికా ప్రభుత్వము 1988లో కీళ్ళవాతమునకు కూడ అనుమతించినది.

కీళ్ళవాతమునకు ఈ మందును వారమునకు ఒక్క రోజు మాత్రమే వేసికొనవలెను. చాల మందుల వలె దీనిని కూడ ప్రతిదినము వేసికొనవలెననుకొని రోగి మింగినచో ఎముకలలోని మూలుగు దెబ్బతిని, రక్తకణములు తగ్గిపోయి, నోరు పూసి, ప్రాణమునకే ముప్పు వచ్చును. ఇట్టి మరణములు పలుదేశముల వైద్యపత్రికలలో నమోదైనవి. విచిత్రమేమనగా, దీని దుష్ఫలితములను తగ్గించుటకు తోడుగా ఇచ్చునది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఒకటి ఏ రోజున, రెండవది ఏ రోజున అను సంగతి వైద్యుడు చీటిపై వ్రాయును. రోగి దానిని చదువలేకపోవచ్చును, చదివియు మరచిపోవచ్చును. అతడు ఇల్లు చేరకముందు ఈ పొరపాటును ఆపగల చివరి మనిషి మందుల దుకాణమున బల్లకు ఆవల నిలుచున్న ఫార్మసిస్టు.

మందు కనుగొన్న శాస్త్రజ్ఞుని పేరు పాఠ్యపుస్తకములకు ఎక్కినది. అది బల్ల దాటి రోగి చేతిలో పడునపుడు ఏమి జరుగుచున్నదో పరిశీలించుటయే జీవితకార్యముగా పెట్టుకొన్న శాస్త్రజ్ఞులు కూడ కలరు. వారి పేర్లు మాత్రము తరగతి గదులలో వినబడవు. 1990లో అమెరికాకు చెందిన హెప్లర్, స్ట్రాండ్ అను ఇద్దరు ఆచార్యులు ఒక వ్యాసము ప్రకటించిరి. మందు అందించుటతో ఫార్మసిస్టు పని తీరదనియు, ఆ మందు వలన రోగికి కలుగవలసిన మేలుకు కూడ అతడు బాధ్యుడనియు దాని సారాంశము. అప్పటినుండి ఈ విషయముపై పట్టములు, ఆచార్యపదవులు, పత్రికలు పుట్టినవి. ఇంత జరిగిన తరువాత ఈ శాస్త్రము ఏమి నిరూపించినదని అడుగుట న్యాయమే.

మొదట బలహీనమైన రకమును చూడవలెను. ఉత్తర కరొలైనాలోని ఆశ్‌విల్ పట్టణమున 1990ల చివర మధుమేహము గల నగరోద్యోగులను ఫార్మసిస్టులు క్రమముగా కలిసికొని సలహాలిచ్చిరి. వారి రక్తములోని చక్కెర తగ్గినదని ప్రకటించిరి. ఆ ప్రయత్నము మంచిదే, పేరును పొందినది. కాని పోల్చి చూచుటకు సలహా పొందని వేరొక జట్టు లేదు. ఈ లోపమెంతటిదో గోదావరి ఒడ్డున ఉన్నవారికి సులభముగా బోధపడును. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద వరద 35 లక్షల క్యూసెక్కులకు చేరినది. మరుసటి సంవత్సరము ఎవరైనను గట్టుపై నాలుగు మొక్కలు నాటి, తమ మొక్కల వలననే వరద తగ్గినదని చెప్పినచో పిల్లలు కూడ నవ్వుదురు. మిక్కిలి హెచ్చిన కొలత తరువాతి కొలత సాధారణముగా తగ్గియే యుండును. రోగి చక్కెరకును, రక్తపోటునకును ఇదే న్యాయము. అయినను ఈ రంగమున ముందు-తరువాత లెక్కలు చూపి పేరు సంపాదించిన వ్యాసములకు కొదువలేదు.

దీనికి భిన్నమైనది 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నలు ప్రకటించిన పరీక్ష. ఇంగ్లండులోని నార్‌ఫోక్, సఫోక్ ప్రాంతములలో ఆసుపత్రినుండి ఇంటికి పోవు ఎనుబదేండ్లు దాటిన 872 మందిని, చీటీలు తీసినట్లు, రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టువారి ఇండ్లకు ఫార్మసిస్టులు రెండేసిమార్లు పోయి మందులు సరిచూచి బోధించిరి. ఆసుపత్రికి తిరిగివచ్చువారు తగ్గుదురని ఆశించిరి. ఆరు నెలలలో సలహా లేని జట్టున 178 మార్లు, సలహా పొందిన జట్టున 234 మార్లు ఆసుపత్రి ప్రవేశములు జరిగినవి. అనగా దాదాపు నూటికి ముప్పది హెచ్చు! జాగ్రత్తలు విన్నవారు చిన్న లక్షణమునకే భయపడిరో, మందులన్నియు తప్పక మింగుట వలన దుష్ఫలితములు హెచ్చినవో నిర్ధారణ కాలేదు. తమ వృత్తికి ప్రతికూలమైన ఈ ఫలితమును దాచక ప్రకటించుట ఈ శాస్త్రమునకు గౌరవము తెచ్చిన పని. ఉపాధ్యాయులు శాస్త్రీయ దృక్పథమును బోధించుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ వెదకనక్కరలేదు.

మూడవది 2018లో వెలువడిన లాస్ ఏంజిలస్ పరీక్ష. అక్కడ 52 క్షౌరశాలలకు వచ్చు, రక్తపోటు గల 319 మంది నల్లజాతి పురుషులను ఎంచుకొనిరి. ఇచట చీటి పడినది మనుష్యులకు కాదు, క్షౌరశాలలకు. కొన్ని శాలలలో మంగలి మంచిమాట చెప్పి వైద్యునివద్దకు పొమ్మనెను. తక్కినవానిలో ఫార్మసిస్టే అచటికి వచ్చి, వైద్యులతో ముందుగా చేసికొన్న ఒప్పందము ప్రకారము మందులు వ్రాసి, మార్చి, రక్తపరీక్షలు చూచెను. ఆరునెలలకు రక్తపోటులోని పై అంకె మొదటి శాలలలో 9, రెండవ శాలలలో 27 మిల్లీమీటర్లు తగ్గినది.

ఈ రెండు పరీక్షలలోని రోగులు వేరు, వయస్సులు వేరు, కొలిచిన ఫలితములు వేరు. కనుక వానిని ప్రక్కప్రక్కన పెట్టి తీర్పు చెప్పుట తొందరపాటగును. అయినను ఒక భేదము కంటికి కొట్టవచ్చినట్లున్నది. మొదటిదానిలో ఫార్మసిస్టు సలహాదారు, రెండవదానిలో మందు మార్చగల అధికారము కలవాడు. మనుష్యులు ఎట్లును వచ్చి కూర్చుండు చోటికి అతడే పోయెను. ఫార్మసిస్టు ఉపయోగపడునా అను పెద్ద ప్రశ్న కంటె, ఏ అధికారముతో, ఎచట, ఎవరికి అను చిన్న ప్రశ్నలకే జవాబులు దొరకుచున్నవి.

ఇక ఇంటి సంగతి. 1948 ఫార్మసీ చట్టము వైద్యుని చీటిపై మందిచ్చు పనిని రిజిష్టరైన ఫార్మసిస్టునకు మాత్రమే విడిచినది. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయము 1951లోనే ఈ శాస్త్రమును బోధింప మొదలిడినది. చాలకాలము ఆ చదువు మందు తయారీ చుట్టును తిరిగినది. రోగిని కేంద్రముగా పెట్టుకొన్న ఫార్మ్‌.డి. అను ఆరేండ్ల చదువు 2008లో వచ్చినది. దాని నియమావళి చూడుడు. రెండవ యేట సమాజమున ఫార్మసీ అను పాఠ్యాంశము కలదు. కాని చివరి సంవత్సరపు శిక్షణలో ఆరు నెలలు సామాన్య వైద్యవిభాగము, తక్కిన ఆరు నెలలు మరి మూడు ప్రత్యేక విభాగములు. అంతయు ఆసుపత్రిలోనే! మందుల దుకాణమునకు గాని, పల్లెలోని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు గాని ఒక్క నెలయు కేటాయింపబడలేదు. అట్లు శిక్షణ పొందినవాడు పరిశోధకుడైనపుడు ఎక్కడ పరిశోధించును? వార్డులోనే. రోగుల కాగితములు అచటనే దొరకును, లెక్కలు త్వరగా తేలును, వ్యాసము త్వరగా అచ్చగును. తప్పు అతనిది కాదు. పదవికి వ్యాసములు లెక్కపెట్టు పద్ధతి అతనిని ఆ త్రోవనే నడిపించును.

కాని రాజమహేంద్రవరమునకు గోదావరి దాటి కొవ్వూరు వైపునుండి వచ్చు కూలి మొదట వార్డుకు పోడు. ఇన్నిసుపేటలోనో దానవాయిపేటలోనో ఒక దుకాణముముందు నిలిచి, “బాబూ, ఒళ్ళునొప్పులు, ఏదైనా బిళ్ళ ఇయ్యండి” అనును. అతనికి ప్రాథమిక వైద్యమనగా ఆ క్షణమే. 2015 నాటి ఫార్మసీ వృత్తి నిబంధనలు రోగికి విషయము వివరించుటను ఫార్మసిస్టు విధిగా చెప్పినవి, మంచిదే. ఆ వివరణకు ప్రతిఫలమును మాత్రము ఎవరును నిర్ణయింపలేదు. అమ్మిన బిళ్ళపై లాభమున్నది, అమ్మకుండ ఆపిన బిళ్ళపై నష్టమే. ఇంగ్లండులో క్రొత్తమందు మొదలిడిన రోగితో మాటలాడినందుకు 2011 నుండి ఫార్మసీకి రుసుము ముట్టుచున్నది. ఈ భేదమును లెక్కలోనికి తీసికొనక, దుకాణదారుని తెలివి ఎంత అని ప్రశ్నపత్రములు పంచి మార్కులు వేయుట వలన తెలియునది స్వల్పము.

పెద్ద ధనమక్కరలేని ప్రశ్నలు ఈ ఊరిలోనే కలవు. మెథోట్రెక్సేటు కవరుపై “వారమునకు ఒక్కసారి” అని అచ్చువేయుట మేలా, లేక రోగినే అడిగి “ఆదివారము మాత్రమే” అని తెలుగున పెద్ద అక్షరములతో వ్రాయుట మేలా? కొన్ని దుకాణములకు చీటి వేసి మొదటి పద్ధతిని, కొన్నిటికి రెండవ పద్ధతిని ఇయ్యవచ్చును. నెల తరువాత ఇంటికి పోయి మిగిలిన బిళ్ళలు లెక్కపెట్టవలెను. ఆ లెక్కపెట్టువానికి ఏ ఇల్లు ఏ జట్టులోనిదో తెలియరాదు.