అద్దం చూసి కొనాల్సిన బండి

గోదావరిఖని నుంచి మంథని, కాటారం మీదుగా మేడారం జాతరకు బయల్దేరే కుటుంబం ఏమేం మోస్తుందో చూడండి. వంట గిన్నెలు, బియ్యం మూట, చాపలు, దుప్పట్లు, పైగా అమ్మవార్లకు బంగారం, అంటే బెల్లం. మామూలు కారు డిక్కీ బెల్లానికే నిండిపోతుంది. పైకప్పును వెనకదాకా సాగదీసి, డిక్కీని ఒక గదిలా చేసిన బండే స్టేషన్ వ్యాగన్. 1992లో టాటా ఎస్టేట్ ఆ రూపంలోనే వచ్చింది. సామాన్ల బండికి కారు ధరా అని జనం వెనకాడారు. 1994లో టాటా సుమో వచ్చాక, పదిమందిని ఎక్కించుకునే బండి ముందు అది నిలవలేదు.

ఆ సుమోయే ఇప్పుడు పాత ఎస్టేట్ కొనేవాళ్లకు దిక్కు. తొలి సుమోలకూ దీనికీ ఇంజను ఒకటే, 1948 సీసీ డీజిల్. బొగ్గుబాయిల ఊళ్లలో సుమో ఇంజను విప్పని మేస్త్రీ అరుదు. కాబట్టి పొగ, ఆయిల్ కారడం చూసి భయపడకండి. భయపడాల్సింది రేకు చూసి. ఓపెన్‌కాస్ట్ దారుల్లో టిప్పర్లు లేపే దుమ్ము డోరు అడుగున చేరి, వానాకాలం తడిని పట్టుకుని కూర్చుంటుంది. లోపల తుప్పు, బయట మెరిసే పెయింటు.

నేను బేరానికి వెళ్లేటప్పుడు పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం జేబులో వేసుకుంటాను. ఒకసారి ఏపీ 15 నంబరు ఎస్టేట్ చూడ్డానికి వెళ్లాను. డోరు పైభాగాన టక్కున అంటుకున్న అయస్కాంతం కింద జానెడు మేర జారి నా చేతిలో పడింది. అక్కడ ఉన్నది రేకు కాదు, లప్పం. అమ్మేవాడు నవ్వి, టీ చెప్పాడు. టీ తాగి వచ్చేశాను.

తర్వాత కాళ్లకింది మ్యాట్ ఎత్తండి, వెనక తలుపు కింది అంచు గోటితో గీరండి. బండి కింద దూరి, బాడీని మోసే ఛాసిస్ పట్టీలను సుత్తితో మెల్లగా తట్టండి. ఖంగుమనాలి. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో కలవాలి. 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి పొడిగించారో లేదో, గ్రీన్ టాక్స్ కట్టారో లేదో అడగండి.

వింటేజ్ అనే మాటకు మురిసిపోకండి. 2021 కేంద్ర నిబంధనల లెక్కన 50 ఏళ్లు దాటితేనే ఆ హోదా, అది వచ్చాక రోజూ రోడ్డెక్కించకూడదు. ఎస్టేట్‌కు 2042 దాకా ఆ బెడద లేదు.

నడపడంలో తొందర పనికిరాదు. చలికాలం పొద్దున్నే తాళం తిప్పి, హీటరు దీపం ఆరేదాకా ఆగాలి. రాజీవ్ రహదారి మీద అరవైలో పోనివ్వండి. వెనక సీటు మడిచి పరుపేస్తే పిల్లలు నిద్రపోతారు.

ఇంజనుకు సామాను దొరుకుతుంది. వెనక పక్కనుండే ఆ పొడుగాటి అద్దం మాత్రం సుమోది పట్టదు, టాటా కారు సియెరాది పట్టదు. అద్దాలన్నీ బాగున్న ఎస్టేట్ కనబడితే, స్టార్ట్ కాకపోయినా బేరం వదలకండి.