రెప్ప వాలితే ఛాతీ స్కాన్

థైమోమా అరుదైన గడ్డ. రొమ్ము ఎముక వెనక, గుండెకు ముందు ఉండే థైమస్ గ్రంథిలో పుడుతుంది. చిన్నతనంలో రోగనిరోధక కణాలను తీర్చిదిద్దే ఈ గ్రంథి పెద్దయ్యాక క్రమంగా కుంచించుకుపోయి కొవ్వుగా మారుతుంది. గడ్డ చాలామందిలో నొప్పి లేకుండా పెరిగి, దేనికోసమో తీసిన ఎక్స్‌రేలో బయటపడుతుంది. దాదాపు మూడో వంతు మందిలో మాత్రం మయస్థీనియా గ్రేవిస్ అనే కండరాల నీరసం జబ్బు తోడవుతుంది. పొద్దున బాగానే ఉన్న రెప్పలు సాయంత్రానికి వాలిపోతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, అన్నం నమిలేలోపే దవడ అలసిపోతుంది.

కాజీపేటలోనైనా ఇంకెక్కడైనా ఇలాంటి మనిషి ముందుగా వెళ్లేది కంటి డాక్టరు దగ్గరికే. అక్కడ కళ్లజోడు రాసి పంపేస్తే నెలలు గడిచిపోతాయి. నరాల డాక్టరుకు చూపించమని చీటీ రాస్తే ఛాతీ సీటీ స్కాన్ దాకా దారి పడుతుంది. ఈ జబ్బులో సగం వైద్యం ఆ చీటీలోనే ఉంది. గడ్డ తీసే ఆపరేషన్‌కు ఛాతీ సర్జన్, మత్తు డాక్టరు, నరాల డాక్టరు, వెంటిలేటరున్న ఐసీయూ ఒకేచోట కావాలి. అందుకే కేసు వరంగల్ ఎంజీఎం నుంచి హైదరాబాద్ నిమ్స్ వంటి పెద్దాసుపత్రి వైపు కదలాల్సి రావచ్చు.

1936లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ ఒక యువతికి ఇలాంటి గడ్డ తీశాక ఆమె కండరాల నీరసం తగ్గింది. గడ్డ లేని మయస్థీనియాలోనూ గ్రంథి తీస్తే మేలేనని 2016లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన తేల్చింది.

ఆపరేషన్‌లో రొమ్ము ఎముకను రంపంతో నిలువునా కోసి తెరుస్తారు. చిన్న గడ్డయితే పక్కటెముకల సందుల్లోంచి కెమెరాతో తీస్తారు. పద్ధతి ఏదైనా నియమం ఒక్కటే: గడ్డను పైపొర చిరగకుండా, గ్రంథితో, చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తీయాలి. పొర చిరిగితే కణాలు ఊపిరితిత్తుల పొరల్లోకి రాలి, ఏళ్ల తర్వాత మళ్లీ మొలవవచ్చు. స్కాన్‌లో తీయదగ్గ గడ్డలా కనిపిస్తే సూది పరీక్ష వద్దనేది ఇందుకే. ఇరువైపులా దిగే ఫ్రెనిక్ నరాలే ఊపిరిని నడిపిస్తాయి. గడ్డ ఒక నరాన్ని పట్టేస్తే దాన్ని వదులుకోవడమా అని ఆలోచించవచ్చు, రెండింటినీ వదులుకోలేరు. ఎముకను చివరికి స్టీలు తీగలతో బిగిస్తారు.

అసలు గండం ఆ తర్వాత. మయస్థీనియా ఉన్నవారికి కండరాలు సత్తువలేక ఊపిరి ఆగే ప్రమాదముంది. కాబట్టి నీరసాన్ని మందులతో, అవసరమైతే ప్లాస్మా మార్పిడితో ముందే అదుపులోకి తెస్తారు. జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు ఈ రోగులకు పడవు, జ్వరానికి వెళ్లినా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. గడ్డ పదేళ్లకైనా తిరిగి రావచ్చు గనుక స్కాన్లు అంతకాలం కొనసాగుతాయి.